మనసు బాలేకపోతే నలుగురిలో కలిస్తే చాలా, డాక్టర్ దగ్గరికెళ్ళాలా?

మధురవాడ_ఒంటిగాడు:
గురూ ముందు నా కథ వినండి, తర్వాత తిట్టండి. వర్క్ ఫ్రమ్ హోమ్, అమ్మావాళ్ళు శ్రీకాకుళంలో, ఫ్లాట్‌లో నేనొక్కణ్ణే, రోజు మొత్తమ్మీద నోరు తెరిచేది డెలివరీ కుర్రాడికి ఓటీపీ చెప్పడానికే. మూడింటిదాకా నిద్ర లేదు. ఎలాగూ పడుకోవట్లేదని పొద్దున్నే ఆర్కే బీచ్‌కి నడకకి ఎల్లడం మొదలెట్టా. కాళీమాత గుడి దాటాక గట్టు మీద నలుగురు రిటైరైన పెద్దాళ్ళు కూర్చుంటారు, ఫ్లాస్కులో టీ, ఒకటే పేపరు, పేజీలు విడదీసి పంచుకుంటారు, రాశిఫలాల దగ్గర రోజూ గొడవే. వారం తర్వాత ఒకరోజు ఎల్లలేదు. మర్నాడు ఒకాయన పేపర్లోంచి తలెత్తి "ఏటి బాబూ, నిన్న రాలేదు?" అన్నాడు. అంతే, ఆ రాత్రి పదకొండుకే నిద్రపోయా. నన్నడిగితే గంటకి వెయ్యి పోసి కౌన్సెలింగ్‌కి ఎల్లేకన్నా ఇదే బెటరు. కాదంటారా?

పెందుర్తి_అక్క:
కాదంటాను. మా తమ్ముడికి డిప్రెషనొచ్చినప్పుడు ఇంటినిండా జనమే. వచ్చిన ప్రతివాళ్ళూ "నలుగురిలో తిరుగు, అదే పోద్ది" అని చెప్పి కాఫీ తాగి వెళ్ళిపోయేవారు, వాడేమో గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఐదు నెలలు అలాగే ఉంచేశాం, ఎందుకంటే డాక్టరంటే వాల్తేరు పిచ్చాసుపత్రే గుర్తొస్తుంది కదా మనకి, ఊళ్ళో ఏటనుకుంటారో అని. మందులు మొదలెట్టిన మూడో వారంలో, ఓ ఆదివారం తనంతట తనే లేచి కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్నాడు. మా అమ్మ గరిట పట్టుకుని గుమ్మంలో అలా ఉండిపోయింది, పప్పు మాడిపోయినా చూసుకోలేదు. నీది ఒంటరితనం తమ్ముడూ, వాడిది జబ్బు.

సిరిపురం_సుత్తి:
అక్కా, ఒంటరితనాన్ని మరీ తీసిపారెయ్యకండి. డబ్ల్యూహెచ్‌ఓ 2025 రిపోర్టులో ప్రతి 6గురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, ఏడాదికి 8,71,000 మరణాలకి దానితో సంబంధం ఉందనీ రాశారు. ఇంకోటి, జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో బామ్మలకి ట్రైనింగిచ్చి ఆసుపత్రుల బయట బెంచీల మీద కూర్చోబెట్టాడు. 573 మంది మీద ట్రయల్ చేస్తే, బామ్మలతో మాట్లాడినవాళ్ళకి ఆరు నెలల తర్వాత బాధ బాగా తగ్గిందని 2016లో పబ్లిష్ అయింది. కానీ ఒంటిగాడూ, ఆ బామ్మలు ఊసుపోక కబుర్లు చెప్పలేదు. ఒక సమస్య పట్టుకుని దానికేం చెయ్యాలో వాళ్ళచేతే తేల్పిస్తారు, చచ్చిపోవాలనుంది అంటే వెంటనే పైవాళ్ళకి పంపిస్తారు. మీ గట్టు బ్యాచ్‌కి అంత సీను లేదు.

ఎంవీపీ_డబుల్‌రోడ్డు:
అందరూ నలుగురు నలుగురు అంటున్నారు, నా ప్రాబ్లమే ఆ నలుగురు. ఏ ఫంక్షన్‌కెళ్ళినా చెయ్యి కడుక్కునేలోపు "పెళ్ళెప్పుడమ్మా" అంటారు, లావయ్యావంటారు, ఇంటికొచ్చి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. చెప్పింది మా అమ్మకి చేరెయ్యని మొదటి మనిషి నా కౌన్సెలరే. ఆ వెయ్యి దానికే ఇచ్చా. డబ్బుల్లేనివాళ్ళు టెలి మానస్ 14416కి చెయ్యండి, గవర్నమెంటుదే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

మధురవాడ_ఒంటిగాడు:
సరే, అక్క తమ్ముడి విషయంలో నేను నోరు మూసుకుంటా, అంతదాకా ఆలోచించలేదు. కానీ గట్టు బ్యాచ్‌ని ఏమనకండి. నన్ను "నిన్న రాలేదు?" అన్న పెద్దాయన నాలుగు రోజులై రావట్లేదు. ఫ్లాస్కు ఆయనదే, అందుకని టీ కూడా లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ పేరడగలేదు, ఫోన్ నంబర్ లేదు, మాస్టారూ అంటాం అంతే. లాసన్స్ బే వైపు ఇల్లని ఒకాయన అంటున్నాడు. రేపు నడక మానేసి అటెల్తాం.

పెందుర్తి_అక్క:
ఎల్లొచ్చాక ఇక్కడ రాయి.