అప్‌డేట్: గుండెలో రక్తప్రసరణ క్రమం మా చెల్లికి వచ్చేసింది

నర్సింగ్ ఎంట్రన్స్‌కి చదువుతున్న మా చెల్లికి గుండెలో రక్తం నడిచే దారి ఎంతకీ గుర్తుండట్లేదని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్. ఆక్సిజన్ ఎక్కువున్న రక్తానికి ఎరుపు, తక్కువున్న రక్తానికి నీలం పెన్నుతో బొమ్మ వేయమన్న సలహా బాగా పనిచేసింది.

కుడి కర్ణిక (పై గది), ట్రైకస్పిడ్ కవాటం (రెండు గదుల మధ్య తలుపు లాంటిది), కుడి జఠరిక (కింది గది) నీలం. ఊపిరితిత్తులకు వెళ్ళే పుపుస ధమనికి వచ్చేసరికి ఆగిపోయేది, ధమనికి నీలం ఎందుకని. మారతహళ్ళిలో మా పక్కింటి నర్సు అక్క తేల్చేసింది: గుండె నుంచి తీసుకెళ్ళేది ధమని, గుండెకు తెచ్చేది సిర, ఆక్సిజన్‌ని బట్టి కాదు. అందుకే ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు వచ్చే 4 పుపుస సిరలకూ ఎరుపు. అక్కడి నుంచి మైట్రల్ కవాటం, ఎడమ జఠరిక, మహాధమని గడగడా చెప్పేస్తోంది. ఒళ్ళంతటికీ రక్తం నెట్టాలి కాబట్టే ఎడమ జఠరిక గోడ మందమని కూడా!

యాప్‌లు, కొత్త గైడు అవసరం పడలేదు.