‘నవ్వులపాలు’ అనే మాట, ‘ననెట్’ అనే షో

చర్చకు ‘నవ్వులపాలు’ అన్న మాట పెడుతున్నాను. ఆస్ట్రేలియా కమెడియన్ హన్నా గాడ్స్‌బీ స్టాండప్ షో ‘ననెట్’ మళ్లీ చూశాక ఈ మాట నన్ను వదలడం లేదు. 2018 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన షో ఇది, సిడ్నీ ఒపెరా హౌస్‌లో తీశారు. అప్పట్లో వాదనంతా ‘ఇది కామెడీయా, ఉపన్యాసమా’ అన్నదాని చుట్టూ తిరిగింది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఆ ప్రశ్న చాలా చిన్నదనిపించింది. మనిషి నవ్విస్తూ నవ్విస్తూ ఎక్కడ నవ్వులపాలవుతాడో, ఆ గీత ఎక్కడుందో ఆ షో వేలు పెట్టి చూపిస్తుంది.

ముందు మాట సంగతి. ‘పాలు’ అంటే వాటా, భాగం. ఆపైన ‘వశం’ అనే అర్థం. బూడిదపాలు, మట్టిపాలు, అగ్గిపాలు, అప్పులపాలు, జైలుపాలు. నాకు తట్టినంతలో ఈ వరసలో చేరేవన్నీ ముందే చెడ్డవి, లేదా మింగేసేవి. ఒక్క ‘నవ్వు’ మాత్రమే విడిగా ఉన్నప్పుడు మంచిది. పక్కన ‘పాలు’ చేరగానే అదీ అగ్గిలాగే మనిషిని మింగేదవుతుంది.

ఇప్పుడు షోలోకి. మొదట్లో గాడ్స్‌బీ ఒక బస్టాపు కథ చెబుతారు. రాత్రిపూట అక్కడ ఒక అమ్మాయితో మాట్లాడుతుంటే ఆమె బాయ్‌ఫ్రెండ్ వచ్చి, గాడ్స్‌బీని మగవాడనుకుని మీదికొస్తాడు. ‘ఆడపిల్ల’ అని ఆ అమ్మాయి అనగానే ‘అయ్యో, నేను ఆడవాళ్లను కొట్టను’ అని తగ్గిపోతాడు. హాలంతా నవ్వుతుంది. నవ్వదగ్గ జోకే, అల్లిక కూడా గట్టిది. షో చివరికొచ్చేసరికి అదే కథలో మిగిలిన ముక్క చెబుతారు: అతను వెనక్కి వచ్చాడు, కొట్టాడు, ఎవరూ అడ్డం రాలేదు. తను పోలీసుల దగ్గరికీ పోలేదు, ఆసుపత్రికీ పోలేదు.

మొదటిసారి చూసేవాళ్లకు ఇది దెబ్బలా తగులుతుంది. రెండోసారి చూసేవాళ్ల సంగతి ఇంకా కష్టం. చివర ఏముందో తెలుసు కాబట్టి మొదట్లో హాలు నవ్వుతుంటే మనం ఆ నవ్వులో కలవలేం. ఆ నవ్వు ఎవరి ఖర్చు మీద వస్తోందో కనిపిస్తూనే ఉంటుంది. మళ్లీ చూడటం వల్ల షోకి బలం పెరిగింది అంటాను. సాధారణంగా స్టాండప్‌కు ఇది తిరగబడుతుంది. జోకు తెలిసిపోయాక సగం పస పోతుంది.

జోకుకు రెండే భాగాలు చాలు, కథకు మాత్రం మొదలు, నడుమ, ముగింపు మూడూ కావాలి అన్నది గాడ్స్‌బీ వాదన. ముందు టెన్షన్ పుట్టించడం, తర్వాత దాన్ని సడలించడం, అంతే జోకు. తను లెస్బియన్ అన్న సంగతి వాళ్లమ్మకు చెప్పిన ఘట్టం కూడా ఇలాగే జోకుగా మారింది. ఆ తర్వాత అమ్మ మారడం, ఇద్దరూ దగ్గరవడం జోకులో పట్టలేదు. మనం ‘కొసమెరుపు’ అంటామే, అది పడిన చోటే కథ ఆగిపోతుంది. గాయమైన చోట ఆగిన కథనే ఏళ్ల తరబడి వేదిక మీద చెప్పుకుంటూ పోతే ఆ మనిషికి కూడా కథ అక్కడే గడ్డకడుతుందని తన బాధ.

గాడ్స్‌బీ పెరిగింది టాస్మేనియాలో. మగవాళ్ల మధ్య స్వలింగ సంబంధం అక్కడ 1997 దాకా నేరం; ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో ఆ చట్టాన్ని చివరగా వదులుకున్నది అదే. చిన్నతనం నుంచీ గదిలో టెన్షన్ తానే అయినప్పుడు, దాన్ని నవ్వుతో తగ్గించడం ఆ పిల్ల బతుకుతెరువు కంటే ముందే నేర్చుకున్న విద్య. ఇలా అంచున ఉన్నవాళ్లు తమను తాము తక్కువ చేసుకుని మాట్లాడితే అందులో వినయం లేదు, అవమానమే ఉంది అని షోలో తేల్చి చెబుతారు. మాట్లాడే అనుమతి కోసం చెల్లించే మూల్యం అది.

(గాడ్స్‌బీ ఇప్పుడు తన గురించి ఆడ, మగ సర్వనామాలు రెండూ వాడరు. మన ‘అన్నారు’, ‘చెప్పారు’లతో ఆ ఇబ్బందే రాలేదు, గమనించారా?)

• ఒక సభ్యుడి స్పందన

బాగుందండీ, కానీ ఒక అభ్యంతరం. నవ్వులపాలు కావడం అంటే మన ప్రమేయం లేకుండా జరిగేది. ‘నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు’ అంటాం. తన మీద తానే జోకు వేసుకుని, టికెట్ కొన్న జనాన్ని నవ్వించే కళాకారులకు ఆ మాట ఎలా అతుకుతుంది? దానికి ‘ఆత్మపరిహాసం’ చాలదా?

• జవాబు

మంచి ప్రశ్నండీ. ‘అప్పులపాలు’ చూడండి. ప్రతి అప్పూ మనిషి తన చేత్తో సంతకం పెట్టి తెచ్చుకున్నదే. అయినా చివరికి అప్పులపాలయ్యాడనే అంటాం. ఇష్టపడి మొదలుపెట్టాడా లేదా అన్నది ‘పాలు’కు పట్టదు, ఎవరి వశమయ్యాడన్నదే పడుతుంది. పైగా ‘తనను తాను నవ్వులపాలు చేసుకున్నాడు’ అన్న వాడుక ఉండనే ఉంది. వండుకోవడం, కట్టుకోవడం లాంటి మాటల్లో చివర ఉండే ‘కో’, అంటే ‘కొను’, మన మేలుకే పనిచేస్తుంది. ఇక్కడ అదే ‘కొను’ మన చేత్తో మనకే నష్టం చేయిస్తుంది.

‘ఆత్మపరిహాసం’ నాకూ ఇష్టమైన మాటే. అయితే అది మనిషి తన మీద తాను నవ్వుకోవడం వరకే చెబుతుంది. ఎదుట కూర్చున్నవాళ్లు అందులో లేరు. ‘నవ్వులపాలు’లో ఆ నవ్వులు ఎవరివో ఉంది: నలుగురివి. ఒకరికి అన్ని విధాలా దన్ను ఉండి తన బట్టతల మీద జోకు వేసుకుంటే, షో అయ్యాక ఇంటికి పోతారు, అంతే. వాళ్లకు ఆత్మపరిహాసం చక్కగా సరిపోతుంది. జోకులో ఉన్న కారణానికే బస్టాపులో దెబ్బలు తిన్న మనిషికి ఆ మాట చాలదు.

ఇంకో సంగతి. ‘ననెట్’లో కామెడీ మానేస్తానన్న గాడ్స్‌బీ ‘డగ్లస్’ అనే షోతో మళ్లీ వచ్చారు, 2020లో అది నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. అందులో ముందుగానే షో మొత్తం ఎలా సాగుతుందో, జనం ఎక్కడెక్కడ ఏమనుకుంటారో వరసగా చెప్పేసి, తర్వాత అలాగే నడిపిస్తారు. నవ్వు పగ్గాలు పూర్తిగా తన చేతిలోనే. ‘ననెట్’ చూసినవాళ్లు ఆ వెంటనే దాన్నీ చూడండి. ఒక దాంట్లో ‘నవ్వులపాలు’కు, రెండో దాంట్లో ‘నవ్వించడం’కు ఉదాహరణలు కావలసినన్ని దొరుకుతాయి.