కబ్బన్ పార్కులో చూసిన గిన్నె పుట్టగొడుగు ఏ జాతిది?

ప్రశ్న: ఉగాది దాటాక పడిన మొదటి వానకు మూడు రోజుల తరువాత, బెంగళూరు కబ్బన్ పార్కులో కుళ్లుతున్న కొమ్మ మీద, సన్నని కాడలపై నిలబడిన నారింజ రంగు చిన్న గిన్నెలు కనిపించాయి. పెద్దది రూపాయి బిళ్ళంత ఉంది. యూరప్‌లో వసంతారంభంలో వచ్చే సార్కోసైఫా కాక్సీనియా అనే ఎర్ర గిన్నె పుట్టగొడుగు ఇదేనా?

జవాబు: కాదనే నా అభిప్రాయం. అది చల్లని ప్రాంతాలది. అక్కడ శీతాకాలం చివరి నుంచే తడి కట్టెల మీద పుడుతుంది. మీరు చూసినది ఉష్ణమండలపు కుకైనా ప్రజాతిది కావచ్చు. ఎం.సి. కుక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త గౌరవార్థం దానికి ఆ పేరు వచ్చింది. గిన్నె వెలుపల పొడవైన వెంట్రుకలుంటే కుకైనా ట్రైకోలోమా అని అనుమానించవచ్చు.

మరో జవాబు: రంగును నమ్మకండి, ఎండితే వెలిసిపోతుంది. కొమ్మ మీద పుట్టిందా, మట్టిలోనా అన్నది ముందు రాసుకోండి. పెజీజా అనే మరో గిన్నె పుట్టగొడుగుల ప్రజాతిలోని జాతులు చాలావరకు నేల మీద వస్తాయి. సూక్ష్మదర్శినిలో సంచికి ఎనిమిది సిద్ధబీజాలు కనిపిస్తే ఆస్కోమైసీట్ (సంచుల్లో సిద్ధబీజాలు ఏర్పరచే శిలీంధ్రం) అని తేలుతుంది, కానీ జాతి తేలాలంటే వాటి ఆకారం, పైగీతలు కూడా చూడాలి. రుచి చూడవద్దు.

అడిగినవారు: భూతద్దంతో ఫోటోను మళ్ళీ చూశాను, అంచు కిందంతా తెల్లని పొడవైన వెంట్రుకలున్నాయి. ఊదినప్పుడు పొగలాంటి పొడి లేచింది కూడా.