ఫైర్‌మన్‌ని తెలుగులో ఏమనాలి?

రే బ్రాడ్‌బరీ 1953 నాటి నవల 'ఫారెన్‌హీట్ 451' లో కొంత తెలుగు చేద్దామని కూర్చుని మొదట్లోనే ఆగిపోయాను. అందులో ఇళ్లేవీ నిప్పంటుకోవు. అందుకని ఫైర్‌మన్‌లు కిరోసిన్ పోసి పుస్తకాలు తగలబెడుతుంటారు. ఇంగ్లిష్ మాట నిప్పనీ మనిషనీ చెప్పి ఊరుకుంటుంది. ఆర్పుతాడా, అంటిస్తాడా అన్నది చెప్పదు. మన 'అగ్నిమాపక' లో మాత్రం 'రూపుమాపడం' లోని మాపు ఉంది. ఏం చేయాలి?

— సరదాకి ఒక మాట. 'ఉష్ణమాపకం' లోని మాపకం సంస్కృతం, కొలిచేదని అర్థం. ఆ లెక్కన అగ్నిమాపకుడంటే నిప్పును కొలిచేవాడు! హెల్మెట్ మీద 451 డిగ్రీలు రాసుకు తిరిగేవాడికి అదీ నప్పుతుంది. నన్నడిగితే 'అగ్నిమాపక' అనే ఉంచండి. పేరొకటి, పని ఇంకొకటి. వ్యంగ్యం ఇంకా పదునెక్కుతుంది.

— క్షమించాలి మాస్టారూ, అక్కడే తేడా కొడుతుంది. పూర్వం ఫైర్‌మన్‌లు మంటలు ఆర్పేవాళ్లటగా అని పక్కింటి పిల్ల క్లారిస్ అడిగితే, కథానాయకుడైన ఫైర్‌మన్ మోంటాగ్ నవ్వి కొట్టిపారేస్తాడు. ఇళ్లెప్పుడూ నిప్పంటుకోనివే అంటాడు. వాడి ఉద్యోగం పేరే 'అగ్నిమాపక' అయితే ఆ పిల్ల అడగనే అక్కర్లేదు, ఆ మాటే సాక్ష్యం చెబుతుంది. ఫైర్‌మన్ అనే ఉంచండి, అందరికీ తెలుసు.

— నిజమేనమ్మా, ఒప్పుకున్నాను.

— ఇక్కడ పోయిన మాటల చమత్కారం నవల చివర్లో దొరుకుతుంది చూడండి. పారిపోయిన మోంటాగ్ అడవిలో మంట చూస్తాడు. తగలబెట్టని నిప్పు, వెచ్చదనమిచ్చే నిప్పు కూడా ఉంటుందని అప్పుడే తెలుస్తుంది వాడికి. తెలుగులో 'కాల్చే నిప్పు కాదు, కాచే నిప్పు' అనొచ్చు. చలి కాచుకోవడమూ కాచడమే, కంటికి రెప్పలా కాచుకోవడమూ కాచడమే. ఆ మంట చుట్టూ ఉన్నవాళ్లు పుస్తకాలను కంఠతా పట్టి కాచుకుంటున్నవాళ్లు! ఇంగ్లిష్‌లో ఈ రెండూ ఒక్క మాటలో పడవు.

— అబ్బ! మరి వాళ్ల భుజం మీది సాలమాండర్ గుర్తు? నిప్పులో బతుకుతుందని పాత నమ్మకం ఉన్న జీవి. దాన్ని తెలుగులో బల్లి అంటే మనవాళ్లు శకునం చూస్తారు.

— అది అలాగే వదిలేయండి. వాళ్ల ఛాతీ మీది ఫీనిక్స్, అదే బూడిదలోంచి మళ్లీ పుట్టే కథల పక్షి, దాన్ని కూడా.

— సరే. అడవిలో మంటకు 'చలిమంట' అని రాసుకున్నాను. 'నెగడు' బాగుంటుందా?

— నెగడే. చుట్టూ మనుషులు కూర్చున్నట్టుంటుంది ఆ మాటలో.