అప్‌డేట్: ఫ్రీవేపై పవర్ కోల్పోతున్న నా స్పోర్ట్స్ కారును కంపెనీ డబ్బు వాపసిచ్చి వెనక్కి తీసుకుంటోంది

శాన్ హోసేలో కొత్తగా కొన్న నా స్పోర్ట్స్ కారు ఫ్రీవేపై ఉన్నట్టుండి పవర్ కోల్పోతోందనీ, రీకాల్ వచ్చేదాకా ఆగమని డీలర్ అంటున్నాడనీ, అలా ఆగితే లెమన్ లా (రిపేరు చేసినా బాగుపడని కారును తయారీదారు వెనక్కి తీసుకునేలా చేసే చట్టం) కింద నా హక్కు పోతుందా అనీ లోగడ అడిగాను. ఆగనవసరం లేదని తేలింది.

రీకాల్ అన్నది ఒక మోడల్ మొత్తానికి సంబంధించిన భద్రతా చర్య. లెమన్ లా మాత్రం మన ఒక్క కారుకు సంబంధించినది. ప్రాణాపాయం కలిగించగల లోపాన్ని, కొన్న 18 నెలల్లో లేదా 18,000 మైళ్లలోపు (ఏది ముందైతే అది), రెండుసార్లు రిపేరుకిచ్చి తయారీదారుకు తెలియజేసినా సరికాకపోతే, ఆ కారును లెమన్‌గా భావించడానికి కాలిఫోర్నియా చట్టం వీలు కల్పిస్తోంది. నన్ను గట్టెక్కించినవి రిపేర్ ఆర్డర్లే, అంటే కారును రిపేరుకిచ్చినప్పుడు డీలర్ రాసిచ్చే కాగితాలే. "సమస్య కనిపించలేదు" అని డీలర్ రాసిన కాగితం మీద కూడా తేదీ, మైలేజీ, నేను చెప్పిన ఫిర్యాదు ఉన్నాయి. వాటిని కాదనడం కంపెనీకి సాధ్యపడలేదు.

వాపసు వచ్చే డబ్బులో కొంత కోత ఉంటుంది. మొదటిసారి రిపేరుకు ఇచ్చేనాటికి తిరిగిన మైళ్లను 1,20,000తో భాగించి, వచ్చినదాన్ని కారు ధరతో గుణిస్తారు. 2,400 మైళ్లయితే ధరలో 2 శాతమే పోతుంది కనుక, లోపం కనిపించగానే కారును సర్వీసుకు ఇవ్వడం మేలు.

అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏకు కూడా ఫిర్యాదు చేశాను. డబ్బు ఇప్పించడం వారి పని కాదు; అయినా రీకాళ్లకు దారితీసే దర్యాప్తులు చాలావరకు ఇలాంటి ఫిర్యాదులతోనే మొదలవుతాయి కనుక, ఇదే లోపం ఉన్నవారు దయచేసి మీ కారు గుర్తింపు సంఖ్య అయిన 17 అక్షరాల విన్ నంబరుతో ఫిర్యాదు నమోదు చేయండి.