ఓబ్రయన్‌లో ఆ ‘ఓ’ ఎక్కడిది?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు: తనతో పనిచేసే ఐరిష్ అమ్మాయి ఇంగ్లీషులో ఓబ్రయన్ అనీ, ఐరిష్‌లో నీ వ్రీయిన్ అనీ రాసుకుంటుందట, ఒకే మనిషికి రెండు ఇంటిపేర్లేమిటి అని. రెండు కాదండీ, ఒకటే. వ్యాకరణం ఉన్న రూపం ఒకటి, అది ఊడిపోయిన రూపం ఇంకొకటి.

ముందు ‘ఓ’ సంగతి చూద్దాం. పక్కన కామాలాంటి గుర్తు చూసి చాలామంది అది ఇంగ్లీషు ‘ఆఫ్’కు పొట్టి రూపం అనుకుంటారు. గేలిక్‌లో, అంటే ఐరిష్ భాషలో, ఈ పేరుకు అసలు ఆ గుర్తే లేదు, దీర్ఘం అని చెప్పడానికి అక్షరం నెత్తిన చిన్న గీత ఉంటుంది, అంతే. పాత రూపం ‘ఉఅ’. అర్థం మనుమడు. ఇలాగే ఐరిష్ పేర్ల ముందు వచ్చే ‘మాక్’ అంటే కొడుకు.

ఈ వంశంలో మొదట ఆ మాట అక్షరాలా నిజం. బ్రయన్ బోరు షానన్ నది ఒడ్డున కిల్లలో ప్రాంతపు రాజు, 1002లో ఐర్లండ్‌కంతటికీ పెద్ద రాజయ్యాడు, 1014 ఏప్రిల్ 23న, గుడ్ ఫ్రైడే రోజు, డబ్లిన్ పక్కన క్లాంటార్ఫ్ యుద్ధంలో తనవాళ్లు గెలిచినా తను చనిపోయాడు. ఆయన కొడుకు డొనోను ‘మాక్ బ్రీయిన్’ అన్నారు, అంటే బ్రయన్ కొడుకు. మనుమడు టర్లోను ‘ఉఅ బ్రీయిన్’ అన్నారు, బ్రయన్ మనుమడు. ఇక్కడిదాకా ఇది ఇంటిపేరు కాదు, ఉత్త చుట్టరికం. 1086లో టర్లో పోయాక రాజైన అతని కొడుకు ముర్తా బ్రయన్‌కు మునిమనుమడు కదా, అయినా అతన్నీ ‘ఉఅ బ్రీయిన్’ అనే అన్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. చుట్టరికం చెప్పే మాట ఎప్పుడు ఇంటిపేరైందో తరం పేరుతో సహా చూపించగలం, చాలా ఇంటిపేర్లకు ఆ అదృష్టం ఉండదు.

ఇక బ్రయన్ ‘బ్రీయిన్’ ఎందుకయ్యాడంటే, షష్ఠి. ఐరిష్‌లో ఇలాంటి పేర్లకు చివరి హల్లును ‘ఇ’ వైపు మెత్తబరిస్తే ‘యొక్క’ అన్న అర్థం వచ్చేస్తుంది. మనకిది కొత్త కాదు. ఊరు, ఊరి. కొండూరు నుంచి వచ్చినవాళ్ల ఇంటిపేరు కొండూరి అయినట్టే. మన చిన్నయసూరి ఔపవిభక్తికం అన్నది ఇదే పని చేస్తుంది. తేడా ఏమిటంటే మన ఇంటిపేర్లలో ఊళ్లు ఎక్కువ, వాళ్లకు పూర్వీకుడి పేరు ఎక్కువ.

ఆడవాళ్ల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. ఆడపిల్ల మనుమడు కాలేదు కాబట్టి ‘ఓ’ పెట్టరు. ‘ఓ’కు షష్ఠి ‘ఈ’, దాని ముందు కూతురు అనే మాట చేరి అరిగి ‘నీ’ అయింది. దాని వెనక ‘బ’ ‘వ’గా పలుకుతుంది. అందుకే మీ సహోద్యోగి నీ వ్రీయిన్, అంటే బ్రయన్ వంశీకుడి కూతురు. ఆమె అన్న ఓ బ్రీయిన్. వాళ్ల అమ్మ, భర్త ఇంటిపేరు తీసుకుని ఉంటే, ‘బ్యాన్ ఈ వ్రీయిన్’, ఆ ఇంటివాడి భార్య. ఒకే ఇంట్లో మూడు రూపాలు, మూడూ ఒకే పేరు. ఇంగ్లీషులో ముగ్గురూ ఓబ్రయన్లే, ఎవరు ఎవరికి ఏమవుతారో ఆ పేరు ఇక చెప్పదు. నాకది నిజంగా నష్టం అనిపిస్తుంది.

‘ఓ’ వెనక అచ్చు వస్తే మధ్యలో ‘హ’ చేరుతుంది. ఓ పోయినా ఆ హ మిగిలిన పేర్లు హోగన్, హిగ్గిన్స్, హికీ. హికీ అంటే వైద్యుడి వంశం, వాళ్లు తరతరాలుగా ఈ ఓబ్రయన్‌లకే వైద్యులు.

ఓ ఎందుకు పోయిందని కూడా అడిగారు. 1465లోనే డబ్లిన్ చుట్టుపక్కల ఇంగ్లీషు పాలన కింద ఉన్న ఐరిష్‌వాళ్లు ఏదో ఒక ఊరి పేరో, రంగు పేరో, వృత్తి పేరో ఇంగ్లీషులో ఇంటిపేరుగా పెట్టుకోవాలని చట్టం చేశారు. కానీ అసలు దెబ్బ 17, 18 శతాబ్దాల్లో తగిలింది. గేలిక్ రాజ్యాలు కూలి, భూములు పోయి, కోర్టులోనూ కచేరీలోనూ ఇంగ్లీషే నడిచేసరికి ఓ, మాక్ రెండూ జారిపోయి బ్రయన్, సలివన్, మర్ఫీ మిగిలాయి. 1893లో గేలిక్ లీగ్ అనే ఐరిష్ భాషా సంఘం పుట్టిన కాలానికి భాష మీద మళ్లీ అభిమానం పెరిగి చాలా కుటుంబాలు తీసేసినదాన్ని తిరిగి పెట్టుకున్నాయి, మర్ఫీలు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయారు.

అప్పటికి కొందరికి తమది ఓ అన్నదీ మాక్ అన్నదీ గుర్తులేదు. ఓబ్రయన్‌ల సొంత సీమ క్లేర్‌లోనే గోర్మన్ అని ఒక వంశం ఉంది, వాళ్లది మాక్ గోర్మన్. తిరిగి పెట్టుకున్నప్పుడు చాలామంది ఓగోర్మన్ అని రాసుకున్నారు. కొడుకులు మనుమలయ్యారు, ఇప్పటికీ అలాగే రాసుకుంటున్నారు.