లావు ఊలు టోపీ గరాటులా నిలబడుతోంది, ఎక్కడ తప్పుతున్నాను?

జయనగర్ వాసి (రాత్రి 10:50)
సాయంత్రం ఐదింటి నుంచి క్రోషే హుక్కుతో, అంటే కొన వంపు తిరిగిన ఒంటి సూదితో, ఇదే పని. నాలుగుసార్లు అల్లాను, నాలుగుసార్లూ విప్పాను. లావు ఊలుతో రెండు గంటల్లో టోపీ పూర్తవుతుందని పుస్తకంలో ఉంది. నడినెత్తి దగ్గర మొదలుపెట్టి కిందికి దిగాలి. ఆరో వరుసకు వచ్చేసరికి నెత్తి భాగం చదునుగా పరుచుకోకుండా గరాటులా మొన తేలుతోంది. కుట్లు లెక్కపెట్టాను, పుస్తకంలో చెప్పినట్లే 36 ఉన్నాయి. ఉన్నవి రెండు ఉండలే. విప్పి విప్పి ఊలు పీచు రేగిపోయింది. ఎల్లుండికి కావాలి, దయచేసి ఎవరైనా చెప్పండి.

కొలతల టేపు (10:58)
హుక్కు ఎంత? తల చుట్టుకొలత ఎంత? ఏ కుట్టు? ఇవి లేకుండా చెప్పలేను.

గోదావరి లేసు (11:04)
అమ్మా, ముందు ఒక మాట. దీన్ని అల్లిక అనకూడదు. అల్లిక అంటే రెండు సూదులతో చేసేది, అందులో ఉచ్చులన్నీ సూది మీదే వరసగా ఉంటాయి. క్రోషేలో ఒక కుట్టు ముగిశాకే ఇంకో కుట్టు మొదలవుతుంది. మాది నరసాపురం దగ్గర పల్లె. మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లు లేసు కుట్టారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సన్న దారంతో చేయి కుదిరినవాళ్లకు లావు ఊలు లెక్కే కాదు. ఒక నెల సన్న దారంతో సాధన చేసి, తర్వాత టోపీకి రండి.

శాంకీ చెరువు నడక (11:11)
అసలు బెంగళూరులో ఇంత లావు ఊలు ఎందుకండీ? ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. నేను డిసెంబరులోనూ తెల్లవారుజామున ఐదింటికి నడకకు వెళ్తాను. నూలు టోపీ చాలు. లావు ఊలు పెట్టుకుంటే పది నిమిషాల్లో నుదురు చెమటతో తడిసిపోతుంది.

జయనగర్ వాసి (11:15)
టోపీ నాకు కాదండీ, మా మేనల్లుడికి. చదువుకోవడానికి ఢిల్లీ వెళ్తున్నాడు, ఎల్లుండే రైలు. నెల రోజుల సాధనకు సమయం లేదు. హుక్కు 10 మిల్లీమీటర్లు. వాడి తల 56 సెంటీమీటర్లు. డబుల్ క్రోషే కుట్టు. మధ్య ఉచ్చులో 6 కుట్లు, ఆపైన వరుసకు ఆరేసి పెంచాలని ఉంది, అలాగే పెంచాను.

ఊలు ఉండ (11:19)
తడి గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టి చూడండి, మొన అణుగుతుంది.

మారతహళ్లి అక్క (11:21)
వద్దు! అది అక్రిలిక్, అంటే కృత్రిమ ఊలు అయితే వేడికి దాని సాగే గుణం చచ్చిపోయి, జన్మలో మళ్లీ తలకు పట్టదు. మా పాప స్వెట్టరు అలాగే పాడైంది. అసలు ఢిల్లీ చలికి అక్రిలిక్ కన్నా గొర్రె ఊలే మేలు. కాస్త తేమ తగిలినా వెచ్చదనం పోదు.

ఊలు ఉండ (11:26)
హాస్టల్‌లో బట్టలు ఉతికేది ఎవరండీ? గొర్రె ఊలును వేడినీళ్లలో నలిపితే కుంచించుకుపోయి అట్టకడుతుంది. ఆ అబ్బాయికి అక్రిలికే మంచిది. ఇస్త్రీ మాత్రం నేను వెనక్కి తీసుకుంటున్నాను.

కొలతల టేపు (11:30)
6 డబుల్ క్రోషేలతోనా? ఆ పుస్తకం ఏ దేశంలో అచ్చయింది? లోపల ‘సింగిల్ క్రోషే’ అన్న మాట ఎక్కడైనా ఉందా?

జయనగర్ వాసి (11:36)
అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల దగ్గర కొన్నాను. లండన్ అని ఉంది. సింగిల్ ఎక్కడా కనబడలేదు, ట్రెబుల్ చాలాచోట్ల ఉంది. దాన్ని బట్టి తెలుస్తుందా?

కొలతల టేపు (11:48)
అక్కడే దొరికిపోయింది. మీ చేతిలో తప్పు లేదు, పేరులో ఉంది. బ్రిటన్ పుస్తకాల్లో డబుల్ అన్నది అమెరికా వాళ్ల సింగిల్. అమెరికా డబుల్‌ను బ్రిటన్‌లో ట్రెబుల్ అంటారు. మీరు వీడియోలు చూసి నేర్చుకుని ఉంటారు, వాటిలో ఎక్కువ అమెరికా పేర్లే. గుచ్చే ముందు హుక్కుకు ఊలు ఒకసారి చుడుతున్నారు కదా? మీ పుస్తకం అడిగేది చుట్టకుండా గుచ్చి, ఊలు లాగి, రెండు ఉచ్చుల్లోంచి ఒకేసారి తీసే పొట్టి కుట్టు. పొట్టి కుట్టుకు వరుసకు ఆరు పెంచితే చదునుగా వస్తుంది. పొడుగు కుట్టు ఒక్కో వరుసలో దాదాపు రెండింతలు ముందుకు పోతుంది, దాని అంచు నిండాలంటే పన్నెండు పెంచాలి. ఆరే పెంచితే వెడల్పు చాలక పైకి లేస్తుంది. అదే మీ గరాటు.

సమయం లేదంటున్నారు కాబట్టి పొడుగు కుట్టే ఉంచుకోండి. మొదటి వరుస 12, రెండోది 24, మూడోది 36. అక్కడ ఆపి టేపు పెట్టండి. టోపీ తలకన్నా మూడు నాలుగు సెంటీమీటర్లు బిగువుగా ఉండాలి. అంటే 52. దాన్ని 3.14తో భాగిస్తే నెత్తి బిళ్ల అడ్డుకొలత పదహారున్నర. అది వస్తే ఇక పెంచకుండా నిలువుగా దిగండి, ఐదు వరుసలకు చెవులు మూస్తాయి. పదహారున్నర రాకపోతే కుట్లు మార్చకండి, హుక్కు మార్చండి.

గోదావరి లేసు (11:55)
మా అమ్మ ట్రెబుల్ అనే అనేది. నాకూ అదే అలవాటు. ఈ అమెరికా పేర్లు నిన్నగాక మొన్న వీడియోలతో వచ్చాయి. ఆ పుస్తకమే సరైనది.

మారతహళ్లి అక్క (11:59)
సరైనది, కానిది అని కాదు పిన్నీ. కొత్తగా నేర్చుకునే పిల్లలకు సింగిల్, డబుల్ అంటేనే సులువు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, అంతే.

గోదావరి లేసు (రాత్రి 12:06)
మొదటి మెట్టుకే డబుల్ అనడం వింతగా ఉందంటే ఒప్పుకుంటాను. కానీ పొడుగు, పొట్టి అని తెలుగులోనే చెప్పవచ్చు కదా. ఇందాక ఆయన అలా చెబితేనే కదా ఆ అమ్మాయికి అర్థమయ్యేది. దీనికి పేర్లు మనమే పెట్టుకోవాలి.

శాంకీ చెరువు నడక (ఉదయం 6:20)
ఢిల్లీకి అయితే లావు ఊలే సరి. చెవుల దగ్గర అంచు రెండు మడతలు వచ్చేలా ఇంకో మూడు వరుసలు ఎక్కువ వేయండి. చలిగాలి ముందు చెవికే తగులుతుంది.

జయనగర్ వాసి (మధ్యాహ్నం 1:15)
12, 24, 36 వేశాను. బిళ్ల పదహారున్నర వచ్చింది. అంచు మడతకు ఊలు సరిపోలేదు, చెవుల వరకు మాత్రం దిగింది. వాడికి పెట్టి చూశాను, పట్టింది. ధన్యవాదాలు, పెట్టె సర్దాలి.

ఊలు ఉండ (3:40)
రెండు ఉండలు కలిపి ఎన్ని గ్రాములండీ? నేనూ ఒకటి మొదలుపెడదామని.